చెస్ నేర్చుకోవడానికి ఏ దారి మేలు: ఆన్‌లైన్ గేమ్సా, పజిల్సా, పుస్తకమా, కోచా?

పావులు ఎలా కదులుతాయో తెలుసు. క్యాస్లింగ్ తెలుసు, చెక్‌మేట్ అంటే ఏమిటో తెలుసు. అయినా ఆడిన ఆటల్లో ఎక్కువ ఓటములే. ఇప్పుడేం చేయాలని వెతికితే ఒకరు రోజూ పజిల్స్ చేయమంటారు, ఇంకొకరు ఓపెనింగ్స్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) బట్టీ పట్టమంటారు, మరొకరు కోచ్ లేకుండా లాభం లేదంటారు. అన్నీ కాస్త కాస్త మొదలుపెట్టి ఏదీ సాగక ఆగిపోయేవాళ్లు చాలామంది. ఈ పోలిక ఆ దశలో ఉన్నవాళ్ల కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్ల ఆటలు చాలావరకు పోయేది పావుని ఊరికే వదిలేయడం వల్ల. గుర్రానికి కాపలా లేదని చూసుకోకపోవడం, ప్రత్యర్థి శకటు (బిషప్) దూరం నుంచి ఏనుగు (రూక్) మీద గురిపెట్టిందని గమనించకపోవడం, గెలిచే ఆటలో రాజుకి ఊపిరాడకుండా చేసి స్టేల్‌మేట్ (చెక్ లేకున్నా వేయడానికి ఎత్తే లేక ఆట డ్రా కావడం) ఇచ్చేయడం. ఏ మార్గం ఈ జబ్బుని త్వరగా తగ్గిస్తే అదే మొదట పట్టుకోవాల్సిన మార్గం. మిగతావి తర్వాత.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు, ఎత్తు ఎవరు ఆలోచిస్తున్నారో చూడాలి. మీరు తల బద్దలు కొట్టుకుని ఒక ఎత్తు నిర్ణయించారా, లేక ఎవరో చెప్తుంటే తల ఊపుతున్నారా? రెండోది హాయిగా ఉంటుంది, అందుకే ఎక్కువసేపు చేస్తాం. ఆట మాత్రం మెరుగుపడదు.

తర్వాత, తప్పు ఎంత త్వరగా, ఎంత అర్థమయ్యేలా తెలుస్తుంది అన్నది. ‘తప్పు’ అని ఎర్ర గుర్తు పడటం వేరు, ఆ ఎత్తు వేసేటప్పుడు మీ బుర్రలో ఏం నడిచిందో, అది ఎక్కడ తేడా కొట్టిందో తెలియడం వేరు.

మూడోది క్రమం. ఇవాళ నేర్చుకున్నది నిన్నటిదానికి కలుస్తుందా? చివరిది, మీ సమయానికి, జేబుకి, ఓపికకి ఆరు నెలలైనా సరిపోతుందా అన్నది. పది రోజులు ఊపుగా చేసి వదిలేసే గొప్ప పద్ధతి కంటే, అంత గొప్పగా లేకపోయినా సాగే పద్ధతి మంచిది.

| మార్గం | ఆలోచన ఎవరిది | తప్పు ఎలా తెలుస్తుంది | క్రమం | ఖర్చు |
|---|---|---|---|---|
| నిదానమైన ఆన్‌లైన్ గేమ్స్ | పూర్తిగా మీదే | ఆట అయ్యాక వెనక్కి వెళ్లి చూస్తేనే | ఉండదు | లేదు |
| బాట్స్‌తో (కంప్యూటర్ ఆటగాళ్లతో) ఆట | మీదే | చూసుకుంటేనే | ఉండదు | లేదు లేదా కొంచెం |
| పజిల్స్ | మీదే, ఒక చిన్న ముక్క మీద | వెంటనే | థీమ్ ఎంచుకుంటే ఉంటుంది | లేదు లేదా కొంచెం |
| వీడియోలు | ఎక్కువగా చెప్పేవారిది | తెలియదు | చానల్‌ని బట్టి | లేదు |
| పుస్తకం | బోర్డు పెట్టుకుంటే మీది | జవాబుల పేజీలో, రచయిత వివరణలో | బాగుంటుంది | ఒకేసారి |
| కోచ్ | ఇద్దరిదీ | కారణంతో సహా | కోచ్‌ని బట్టి | ఎక్కువ, నెలనెలా |
| క్లబ్, టోర్నమెంట్లు | పూర్తిగా మీదే | ఆట అవ్వగానే ప్రత్యర్థితో మాట్లాడితే | ఉండదు | ఫీజు, రోజంతా సమయం |

## ఆన్‌లైన్ గేమ్స్

మూడు నిమిషాల ఆట, పదిహేను నిమిషాల ఆట ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన ఉంటాయి కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. నేర్చుకోవడం విషయంలో వాటికి పోలికే లేదు. మూడు నిమిషాల ఆటలో చేతికి అలవాటైన ఎత్తే వేస్తాం. కొత్తవాళ్లకి ఉన్న అలవాట్లే సరైనవి కావు, వాటినే రోజుకి ఇరవైసార్లు సాధన చేసినట్టవుతుంది. సరదాకి ఆడుకోండి, కానీ దాన్ని ప్రాక్టీస్ లెక్కలో వేసుకోవద్దు.

ఇక్కడ ఒక చిన్న తికమక ఉంది. పది నిమిషాల ఆటని లీచెస్, చెస్‌డాట్‌కామ్ అనే రెండు సైట్లూ ర్యాపిడ్ (కాస్త నిదానమైన ఆట) కింద చూపిస్తాయి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నిబంధనల ప్రకారం మాత్రం ఒక్కొక్కరికి 10 నిమిషాలైతే అది ఇంకా బ్లిట్జే (మెరుపు ఆటే). అంటే ‘నేను ర్యాపిడే ఆడుతున్నాను కదా’ అనుకునే చాలామంది నిజానికి హడావిడి ఆటే ఆడుతున్నారు. కొత్తవాళ్లకి నేను చెప్పేది 15+10. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకీ 10 సెకన్లు అదనం. అరవై ఎత్తుల ఆటకి మొత్తం 25 నిమిషాలు చేతిలో ఉన్నట్టు. చివర్లో గెలిచే స్థితిలో ఉండి టైమ్ అయిపోయి ఓడిపోయే బాధ కూడా తగ్గుతుంది.

ఏ సైట్ అన్న ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. లీచెస్ పూర్తిగా ఉచితం, విరాళాల మీద నడుస్తుంది, ప్రకటనలు ఉండవు. పజిల్స్‌కీ, కంప్యూటర్ విశ్లేషణకీ డబ్బు కట్టనక్కర్లేదు. చెస్‌డాట్‌కామ్‌లో ఆడటం ఉచితమే, పాఠాలు, బాట్స్, ఆట తర్వాత మాటల్లో వివరించే గేమ్ రివ్యూ ఆకట్టుకునేలా ఉంటాయి. అయితే ఉచిత ఖాతాకి పజిల్స్, రివ్యూ రోజుకి పరిమితంగానే దొరుకుతాయి. ‘మీ ఎత్తు వల్ల గుర్రం పోతుంది’ అని ఎవరైనా వాక్యంలో చెప్తే తప్ప అర్థం కాని దశలో ఉంటే చెస్‌డాట్‌కామ్ సులువు. బోర్డు చూసి మీరే కారణం వెతుక్కోగలిగితే లీచెస్ చాలు. రెండు చోట్లా ఖాతా పెట్టుకుని రేటింగ్‌లు (ఆట బలాన్ని చెప్పే అంకెలు) పోల్చుకోవడం మాత్రం అనవసరమైన టెన్షన్. లీచెస్‌లో అందరూ 1500 దగ్గర మొదలవుతారు, మొదటి కొన్ని ఆటల్లో అది జర్రున కిందికి జారుతుంది. చెస్‌డాట్‌కామ్‌లో మీరు చెప్పుకున్న స్థాయిని బట్టి మొదలవుతుంది. రెండూ వేర్వేరు కొలబద్దలు. ఒకే మనిషికి రెండు చోట్లా రెండు అంకెలు ఉండటం మామూలే.

ఆన్‌లైన్ ఆట విలువంతా ఆట ముగిశాక మొదలవుతుంది. ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే ప్రోగ్రామ్) ఆన్ చేయకముందే ఆటని ఒకసారి వెనక్కి నడిపి, ‘ఇక్కడ నాకు అనుమానం వచ్చింది’ అనిపించిన రెండు మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత ఇంజిన్ పెట్టండి. ఎవరిది ఎంత పైచేయో అది చూపించే అంకె +0.4 నుంచి +0.1కి పడిందా, పట్టించుకోకుండా ముందుకెళ్లండి. అలాంటివి గ్రాండ్‌మాస్టర్లు చూసుకుంటారు. ఒక్క ఎత్తుతో రెండు, మూడు పాయింట్లు పడిపోయిన చోట ఆగండి. ఒక పాయింట్ అంటే దాదాపు ఒక బంటు విలువ, మూడంటే ఒక గుర్రమో శకటో పోయినట్టు. అక్కడ ఇంజిన్ చూపించే వరసని రెండు మూడు ఎత్తుల దాకా ఆడి చూసి, ఏ పావు ఎందుకు పోయిందో ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘శకటు కాపలా కాస్తున్న గుర్రాన్ని మర్చిపోయి శకటుని కదిపాను.’ ఇంత చాలు. పది ఆటల తర్వాత ఆ కాగితం చదివితే ఒకే తప్పు రకరకాల వేషాల్లో కనిపిస్తుంది.

## బాట్స్

ఓడిపోతే పరువు పోయినట్టు అనిపించేవాళ్లకి బాట్ మంచి మొదలు. అడిగేవాళ్లు లేరు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. కానీ బలహీనంగా ఆడేలా తయారుచేసిన బాట్ చేసే తప్పు మనిషి తప్పులా ఉండదు. పది ఎత్తులు చక్కగా ఆడి, ఏ కారణమూ లేకుండా మంత్రిని తెచ్చి మీ చేతిలో పెడుతుంది. మనుషులు ఆశకి పోయి, భయపడి, తొందరపడి తప్పు చేస్తారు, ఆ తప్పుల్ని పసిగట్టడం మనుషులతో ఆడితేనే వస్తుంది.

బాట్ నిజంగా పనికొచ్చేది ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి భాగం) సాధనకి. రాజు, ఏనుగు మీవి, ఒంటరి రాజు ఎదుటివాడిది. ఈ స్థితి పెట్టుకుని లీచెస్‌లో అత్యధిక స్థాయి అయిన 8వ లెవెల్ స్టాక్‌ఫిష్ ఇంజిన్‌తో ఆడి మేట్ చేయండి. ఎదుటివాళ్లు ఎంత గట్టివాళ్లైనా ఇది గెలిచే స్థితే. 50 ఎత్తుల నిబంధన (పావు తీయకుండా, బంటు కదలకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చు) లోపు, స్టేల్‌మేట్ ఇవ్వకుండా వరసగా మూడుసార్లు చేయగలిగితే ఇక ఆ చింత లేదు.

## పజిల్స్

తక్కువ సమయంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఫోర్క్ (ఒకే పావుతో రెండిటి మీద దాడి), పిన్ (వెనక ఉన్న విలువైన పావు వల్ల ముందుది కదల్లేకపోవడం), స్క్యూవర్ (విలువైన పావు తప్పుకుంటే వెనకది పోవడం), బ్యాక్ ర్యాంక్ మేట్ (వెనక వరుసలో ఇరుక్కున్న రాజుకి మేట్) లాంటి నమూనాలు కళ్లకి అలవాటు కావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. తప్పు వేసిన క్షణంలోనే తెలిసిపోతుంది కూడా.

లోపం ఒకటుంది. పజిల్ తెరవగానే ‘ఇక్కడ గెలుపు దాక్కుని ఉంది’ అని తెలిసిపోతుంది. ఆటలో ఆ మాట ఎవరూ చెవిలో చెప్పరు. ఒక స్థితి చూడండి (గడి పేరులో అక్షరం తెల్లవైపు నుంచి ఎడమ నుంచి కుడికి ఏ నుంచి హెచ్ దాకా నిలువు వరుస, అంకె కింది నుంచి పైకి 1 నుంచి 8 దాకా అడ్డ వరుస). నల్ల రాజు జి8లో ఉన్నాడు, అతని ముందు ఎఫ్7, జి7, హెచ్7 బంట్లు ఇంకా కదలలేదు. నల్ల ఏనుగు ఏ8లో ఉంది, వెనక వరుసలో ఇంకేమీ లేవు. తెల్ల ఏనుగు ఈ1లో ఉంది, అక్కడి నుంచి ఈ8 దాకా దారి ఖాళీ. ఏ2లో తెల్ల బంటు కాపలా లేకుండా నిలబడి ఉంది, ఏ8 ఏనుగుకీ దానికీ మధ్య ఏమీ లేదు. నల్లవాళ్లు ఆ బంటుని ఏనుగుతో తీసుకుంటారు. మరుక్షణం తెల్ల ఏనుగు ఈ8కి వచ్చి చెక్ ఇస్తుంది. రాజుకి ముందు తన బంట్లే గోడ, పక్కకి జరిగితే ఏనుగు చూపు. మేట్. ఒక్క ఎత్తు ముందు హెచ్6 వేసి ఉంటే రాజుకి కిటికీ ఉండేది.

ఇదే స్థితిని ‘తెలుపు ఎత్తు, మేట్ చేయండి’ అని పజిల్‌గా ఇస్తే కొత్తవాళ్లైనా చిటికెలో చేస్తారు. ఆటలో నల్లవైపు కూర్చుంటే కళ్లకి ఊరికే దొరికే బంటు తప్ప ఇంకేమీ కనపడదు. కాబట్టి పజిల్ చేసే పద్ధతి కొంచెం మార్చాలి. లీచెస్‌లోనూ చెస్‌డాట్‌కామ్‌లోనూ పజిల్ మొదలవగానే ప్రత్యర్థి చివరి ఎత్తు కదిలి చూపిస్తుంది. అదే తప్పు ఎత్తు. జవాబు దొరికాక వెంటనే తర్వాతి పజిల్‌కి దూకకుండా, ఆ ఎత్తు వేసినవాళ్లు ఏ ఆశతో వేశారు, ఏం చూడలేదు, బదులుగా ఏం వేయాల్సింది అని అడగండి. పజిల్‌కి అర నిమిషం ఎక్కువ పడుతుంది, కానీ దాడితోపాటు కాపాడుకోవడం కూడా నేర్చుకుంటారు.

గడియారంతో పోటీపడి చేసే పజిల్ ఆటలు ఉంటాయి, మజాగా ఉంటాయి, కానీ వాటిలో ఊహించి నొక్కేస్తాం. పజిల్ రేటింగ్ సాధారణంగా ఆట రేటింగ్ కంటే చాలా పైన ఉంటుంది, దాన్ని చూసి పొంగిపోనక్కర్లేదు.

## వీడియోలు, ఓపెనింగ్ కోర్సులు

ఆట మీద ఇష్టం పెంచడంలో వీడియోలకి సాటి లేదు. ఒక నమూనాని మొదటిసారి పరిచయం చేసుకోవడానికీ బాగుంటాయి. ముఖ్యమైన సాధనగా మాత్రం అన్నిటికంటే కింద పెడతాను. చూస్తున్నప్పుడు అన్నీ అర్థమవుతాయి, ఆ అర్థమైన భావనే మోసం. చూడాల్సి వస్తే, ఎత్తు చెప్పబోయే ముందు వీడియో ఆపి, మీ ఎత్తు మీరు అనుకుని, అప్పుడు ప్లే నొక్కండి.

ఓపెనింగ్ కోర్సుల సంగతి ఇంకా జాగ్రత్త. ఇటాలియన్ గేమ్ అనే ఓపెనింగ్‌ని పన్నెండు ఎత్తుల దాకా బట్టీ పట్టి కూర్చుంటారు. ఎదుటివాళ్లు తెలుపుతో ఈ4 వేసి, మీరు నలుపుతో ఈ5 వేశాక, రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5కి తెస్తారు. బట్టీ పట్టినదంతా గాలికి పోయింది. ఇప్పుడు కావాల్సింది ఒకే ప్రశ్న: ఈ ఎత్తు దేనిమీద గురి? ఈ5 బంటు మీద. అయితే గుర్రాన్ని సి6కి తెచ్చి కాపాడండి. వాళ్లు శకటుని సి4కి తెస్తే ఇప్పుడు గురి ఎఫ్7 మీద, మేట్ బెదిరింపు. ఇక్కడ కంగారుపడి మంత్రిని తరమాలని రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే ఎఫ్7లో మేట్ అయిపోతుంది. బంటుని జి6కి జరిపితే మంత్రి వెనక్కి పోవాలి. ఎఫ్3కి పోయి మళ్లీ ఎఫ్7 మీద గురిపెడితే, అప్పుడు గుర్రాన్ని ఎఫ్6లో అడ్డం పెట్టండి. మీ పావులు చక్కగా బయటికొచ్చాయి, వాళ్ల మంత్రి తిరిగి తిరిగి అలసిపోయింది. ఇందులో బట్టీ ఎక్కడా లేదు.

కొత్తవాళ్లకి తెలుపుతో ఒకటి, నలుపుతో ఈ4కి ఒకటి, డి4కి ఒకటి, అదీ మొదటి నాలుగైదు ఎత్తులు చాలు.

## పుస్తకం

క్రమం కావాలంటే పుస్తకమే. ఒక్క ఎత్తు మేట్లు, తర్వాత రెండెత్తుల మేట్లు, తర్వాత ఫోర్కులు, పిన్నులు అని మెట్లుగా తీసుకెళ్తుంది, మధ్యలో నోటిఫికేషన్లు రావు. నిజం బోర్డు మీద పావులు పెట్టి కదుపుతూ చదివితే, ఫోన్‌లో కంటే బోర్డు బాగా బుర్రకెక్కుతుంది. నోటేషన్ (ఎత్తుల్ని గడుల పేర్లతో రాసే పద్ధతి) చదవడం రాకపోతే ముందు అది నేర్చుకోవాలి. రెండు రోజుల పని.

కొనేముందు లోపల రెండు పేజీలు చూడండి. ఎత్తుల మధ్య మాటలు ఉన్నాయా, లేక మొత్తం అక్షరాలూ అంకెలేనా? కొత్తవాళ్లకి మాటలు ఎక్కువ ఉన్నవే కావాలి. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో గడుల పేర్లు ఇప్పటి పద్ధతిలో ఉండవు, అలాంటివి పక్కన పెట్టండి. ఒక్క ఓపెనింగ్ మీదే రాసిన లావుపాటి పుస్తకం మాత్రం ఈ దశలో అటకెక్కడానికే.

## కోచ్

ఇంజిన్ ‘ఏది తప్పు’ అని చెప్తుంది. ‘ఎందుకలా అనుకున్నావు’ అని అడగదు. మంచి కోచ్ విలువ ఆ ప్రశ్నలోనే ఉంది. మీరు మీ ఆలోచన చెప్తుంటే, ప్రత్యర్థి జవాబు గురించి ఒక్కసారీ ఆలోచించలేదని రెండు నిమిషాల్లో పట్టేస్తారు. అది మీరే కనిపెట్టాలంటే నెలలు పట్టొచ్చు.

ఎంపికలో బిరుదుకి మరీ ప్రాధాన్యం ఇవ్వకండి. గ్రాండ్‌మాస్టర్ అయినంత మాత్రాన, పావులు ఊరికే వదిలేసేవాళ్లకి ఓపికగా నేర్పగలరని లేదు. మొదటి క్లాసుకి ముందు మీ ఆటలు కొన్ని పంపమని అడిగారా? క్లాసులో ఎక్కువసేపు మాట్లాడింది మీరా, వారా? ఇంటికి ఏమైనా పని ఇచ్చారా? మూడిటికీ జవాబు నచ్చితే కొనసాగండి. మొదటి రోజే పొడుగాటి ఓపెనింగ్ వరసతో మొదలుపెట్టి, ఎదురుగా ఎవరున్నా అదే పాఠం చెప్పేవారైతే ఆ డబ్బుకి పుస్తకాలు కొనుక్కోవచ్చు. గ్రూప్ క్లాసు ఖర్చు తగ్గిస్తుంది, పిల్లలకి తోడు దొరుకుతుంది. అయితే మీ ఆటల గురించి మాట్లాడే సమయం అందులో తక్కువ.

నా దృష్టిలో పావులు వదిలేయడం బాగా తగ్గి, అయినా ముందుకి కదలని దశలో కోచ్ పెట్టుకుంటే డబ్బుకి తగ్గ ఫలితం. అంతకుముందు కోచ్ చెప్పేది కూడా ‘చూసుకుని ఆడు’ అనే.

## క్లబ్, టోర్నమెంట్లు

ఎదురుగా మనిషి కూర్చుంటే ఆట మారిపోతుంది. పావు తాకితే దాన్నే ఆడాలన్న నిబంధన ఒక్కటే సగం తొందర తగ్గిస్తుంది. క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) ఆటలో ఎత్తులు రాసుకోవాలి కాబట్టి ఆట రికార్డు మీ చేతిలో ఉంటుంది. ఓడించినవాళ్లే ఆట అయ్యాక పక్కన కూర్చుని ‘ఇక్కడ నువ్విది వేస్తావని భయపడ్డాను’ అని చెప్తారు, అది ఉచితంగా దొరికే కోచింగ్.

అంతర్జాతీయ రేటింగ్ కోసం మాత్రం తొందరపడకండి. 2024 మార్చి నుంచి ఫిడే రేటింగ్ జాబితాలో ఉండటానికి కనీస అంకె 1400. కొత్తవాళ్లకి అది కొంత దూరమే. మొదటి టోర్నమెంట్‌కి అనుభవం కోసం వెళ్లండి. అంతకుముందు కొన్ని రోజులు నిజం బోర్డు మీద ఆడి ఉండండి, లేకపోతే ఫోన్‌కి అలవాటైన కంటికి పక్క నుంచి వచ్చే శకటు కనపడదు.

## ఎవరికి ఏది

రోజుకి ఇరవై నిమిషాలే దొరికేవాళ్లు పనిదినాల్లో పజిల్స్ చేసి, సెలవు రోజు ఒక్క 15+10 ఆట ఆడి, దాన్ని పూర్తిగా చూసుకుంటే చాలు. రోజూ ఒక హడావిడి ఆట ఆడటం కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది.

పిల్లల విషయంలో తోడు ముఖ్యం. ఒంటరిగా యాప్‌లో కూర్చోబెడితే రేటింగ్ అంకె చూసి ఏడుపే మిగులుతుంది. క్లబ్ గానీ గ్రూప్ క్లాసు గానీ, ఇంట్లో వాళ్లతో సరిసమానంగా పోటీపడే ఆట గానీ ఉండాలి. ఓడిన ప్రతి ఆటకీ పెద్దలు విశ్లేషణకి దిగకండి.

పెద్దయ్యాక మొదలుపెట్టి, ఒక పద్ధతిగా అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకి పుస్తకం, నిదానమైన ఆటలు. స్క్రీన్ తగ్గించుకోవాలనుకున్నా ఇదే జోడీ, కాకపోతే ఆటలు క్లబ్‌లో. ఓటమి అంటే మరీ టెన్షన్ పడేవాళ్లు రేటింగ్ లేని క్యాజువల్ ఆటలతో మొదలుపెట్టొచ్చు. రెండు సైట్లలోనూ ఆ వీలుంది.

## ఎప్పుడు మార్చాలి

ఒక మార్గం పట్టాక వారానికోసారి మార్చకండి, కనీసం రెండు నెలలు ఇవ్వండి. తర్వాత మీరు రాసుకున్న ఒక్క వాక్యాల కాగితం తీయండి. ఇంకా ‘కాపలా లేని పావు పోయింది’ అనే ఎక్కువ ఉంటే ఏమీ మార్చనక్కర్లేదు, పజిల్స్, నిదానమైన ఆటలే. పావులేవీ పోకుండా మధ్య ఆట దాకా వచ్చి, ఏం చేయాలో తోచక ఓడిపోతుంటే, ప్రతి ఎత్తుకీ వివరణ ఉన్న ఆటల పుస్తకం తీసుకునే సమయం వచ్చింది, లేదా కోచ్. ఒక పావు ఎక్కువ ఉండి కూడా గెలవలేకపోతుంటే రాజు-బంటు ఎండ్‌గేమ్‌లు, ముఖ్యంగా అపోజిషన్ (రాజులిద్దరూ మధ్యలో ఒక గడి వదిలి ఎదురెదురుగా నిలబడటం) నేర్చుకుని బాట్‌తో సాధన చేయండి. గడియారం వల్లే ఓడిపోతుంటే ముందు టైమ్ కంట్రోల్ 30+0కో, 30+20కో మార్చి చూడండి. అక్కడా టైమ్ చాలకపోతే, ఏ ఎత్తు దగ్గర ఐదు నిమిషాలు కూర్చుండిపోయారో చూడండి. ఆటలో ప్రతి ఎత్తుకి పట్టిన సమయాన్ని రెండు సైట్లూ చూపిస్తాయి.